ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత దాంపత్యం ముగిసినట్టేనా?

ప్రశ్న: బొబ్బిలి దగ్గర నుంచి ఒక గృహిణి రాశారు. ఆమె వయసు 54. భర్తకు 60, జూట్ మిల్లులో పనిచేసి రిటైర్ అయ్యారు, పదేళ్ళుగా షుగర్ ఉంది. పది నెలల కిందట విశాఖలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. రక్తంలో ఈ జబ్బు జాడ చెప్పే పీఎస్ఏ ఇప్పుడు లేనట్టే ఉంది, భయపడాల్సింది లేదన్నారు. "కానీ ఆయన మంచం వీధి గదిలోకి మార్చుకున్నారు. దగ్గితే మూత్రం చుక్కలు పడుతున్నాయి. నా పక్కన కూర్చోవడం కూడా మానేశారు. నా మీద ఇష్టం పోయిందా? మళ్ళీ మామూలు మనిషి అవుతారా? కలిస్తే నాకు ఆ జబ్బు వస్తుందా? ఎవరో చెప్పారని ఒక లేహ్యం తెచ్చి తింటున్నారు, మంచిదేనా? ఈ వయసులో ఇవన్నీ అడగొచ్చా? పిల్లలకు చెప్పాలా?"

సమాధానం:

అమ్మా,

ముందు భయం తీరే మాటలు. ప్రోస్టేట్ క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. కలిసినా, ఒకే పక్క మీద పడుకున్నా మీకు రాదు. కలవడం వల్ల ఆయనకు తిరగబెట్టదు కూడా.

ఇక వయసు సంగతి. నేను యూరాలజిస్టుని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మగవాళ్ళను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. డెబ్భై దాటినవాళ్ళు కూడా ఇదే అడుగుతారు, కాకపోతే అడిగే తీరు వేరు. పీఎస్ఏ, షుగరు, మలబద్ధకం అన్నీ మాట్లాడటం అయిపోతుంది. లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మందుల చీటీతో కొడుకు బయటికి వెళ్ళాడో లేదో చూసుకుని, అప్పుడు "ఇంకోటండీ డాక్టరు గారూ..." అంటారు. భార్య ఆ సమయానికి బయట బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఆమెను పిలవనా అంటే "వద్దొద్దు, ఆవిడకెందుకు" అంటారు. ఆవిడకు కాకపోతే ఇంకెవరికి? మీరు మొహమాటపడకుండా రాశారు, సంతోషం. ఆపరేషన్‌కి ముందే మీ ఇద్దరినీ కూర్చోబెట్టి ఈ విషయాలన్నీ చెప్పి ఉండాల్సింది. మన దగ్గర చాలాచోట్ల "కొంచెం బలహీనత ఉంటుంది" అనే ఒక్క మాటతో సరిపెట్టి సంతకం తీసుకుంటారు.

"ఇష్టం పోయిందా" అన్నారు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే పోయింది ఇష్టం కాదు, ధైర్యం. కోరిక, అంగం గట్టిపడటం, స్పర్శ సుఖం, చివరి భావప్రాప్తి, వీర్యం రావడం, ఇవన్నీ ఒకటే అనుకుంటారు మగవాళ్ళు. ఆరోగ్యంగా ఉన్నన్నాళ్ళూ అన్నీ ఒక్కసారే జరుగుతాయి కాబట్టి అలా అనిపించడం సహజమే. నిజానికి ఒక్కోదానికి ఒక్కో ఏర్పాటు ఉంది. ఆపరేషన్ వాటిలో కొన్నిటినే దెబ్బతీస్తుంది.

ప్రోస్టేట్ మూత్రాశయం కింద ఉంటుంది, మామూలుగా ఉసిరికాయంత. దాని మధ్యలోంచి మూత్రనాళం వెళ్తుంది. దానికి రెండు పక్కలా అతుక్కుని సన్నని నరాల కట్టలు కిందికి దిగుతాయి. అంగంలోకి రక్తం వదలమని సంకేతం మోసుకెళ్ళేవి ఇవే. ఇవి ఏ దారిన వెళ్తాయో ఒకప్పుడు సర్జన్లకే సరిగ్గా తెలియదు, అందుకే ఆపరేషన్ అయిన మగవాళ్ళలో దాదాపు అందరికీ స్తంభన, అంటే అంగం గట్టిపడటం, పోయేది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి సర్జన్ పాట్రిక్ వాల్ష్, నెదర్లాండ్స్‌కు చెందిన పీటర్ డాంకర్ 1981లో కలిసి ఆ దారి కనిపెట్టారు. 1982లో వాల్ష్ ఆ నరాలను కాపాడుతూ ఆపరేషన్ చేశారు. ఇప్పుడు కత్తితో చేసినా, రోబోతో చేసినా, క్యాన్సర్ నరాల దాకా పాకకపోతే వాటిని వదిలిపెట్టాలనే చూస్తారు.

వదిలిపెట్టినా అవి వెంటనే పనిచేయవు. ఆపరేషన్‌లో పక్కకు జరపడం, లాగడం, వేడి తగలడం, ఇంత చాలు అవి మొద్దుబారిపోవడానికి. తేరుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. కాబట్టి పది నెలలకు తీర్పు చెప్పకూడదు. అలాగని పాతికేళ్ళ కిందటిలా అవుతుందనీ నేను చెప్పను. మీవారికి షుగర్ పదేళ్ళుగా ఉంది. అది సన్నని నరాలనూ రక్తనాళాలనూ ముందే కొంత తినేసి ఉంటుంది. ఆపరేషన్‌కి ముందు ఆయన పరిస్థితి ఎలా ఉందో మీకే బాగా తెలుసు. అప్పటికే తగ్గి ఉంటే ఆ లెక్క కూడా ఇందులో కలుస్తుంది.

ఒక పని చేయండి. డిశ్చార్జి సమ్మరీ తీసి "నర్వ్ స్పేరింగ్" అన్న మాట ఉందో లేదో మీ అబ్బాయితో కాకుండా మీరే, లేదా తెలిసిన నర్సు చేత చూపించుకోండి. పక్కన "బైలాటరల్" అని ఉంటే రెండు వైపులా నరాలు కాపాడారని, "యూనిలాటరల్" అని ఉంటే ఒక వైపే అని అర్థం. అసలు ప్రస్తావన లేకపోతే ఆపరేషన్ చేసిన డాక్టరును సూటిగా అడగాలి. ఆయన వాడాల్సిన మందు ఏదన్నది దీని మీదే ఆధారపడుతుంది.

అంకెలు కావాలనుకునేవాళ్ళ కోసం: బ్రిటన్‌లో 50 నుంచి 69 ఏళ్ళ వయసున్న 1,643 మంది రోగులను మూడు గుంపులు చేసి చూసిన ప్రోటెక్ట్ అనే అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. చికిత్సకు ముందు కలవడానికి సరిపడా స్తంభన ఉన్నవాళ్ళు 67 శాతం. ఆరు నెలలకు ఆపరేషన్ గుంపులో అది 12 శాతానికి, రేడియేషన్ గుంపులో 22కి, వెంటనే చికిత్స చేయకుండా గమనిస్తూ వచ్చిన గుంపులో 52కి పడిపోయింది. ఆరేళ్ళకు చూస్తే వరుసగా 17, 27, 30. ఆపరేషన్ వాళ్ళదే కింది మెట్టు, అందులో అనుమానం లేదు. కానీ ముందు ఊరికే గమనించినవాళ్ళు కూడా చివరికి 30 దగ్గరికే వచ్చారు. అందులో కొంత వయసు చేసిన పని, కొంత మధ్యలో చికిత్సకు వెళ్ళినవాళ్ళ వల్ల. అరవై దాటాక తగ్గే ప్రతిదానికీ ఆపరేషన్‌నే తిట్టుకోనక్కర్లేదు.

ఈ అంకెలు గట్టిపడటం గురించే చెబుతున్నాయి. తృప్తి సంగతి వేరు. అది కింది రెండు పేరాల్లో ఉంది. వాటిని ఆయన పక్కన కూర్చుని మీరే చదివి వినిపించండి.

అయ్యా, మీ అంగం చర్మం మీద తాకిడిని మెదడుకు చేర్చే నరం ప్రోస్టేట్ పక్కన వెళ్ళదు. అది వేరే దారిన, కటి ఎముకను ఆనుకుని వస్తుంది. మీ ఆపరేషన్‌లో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అందుకే గట్టిపడకపోయినా సుఖం తెలుస్తుంది, గట్టిపడకుండానే భావప్రాప్తి కూడా కలుగుతుంది. ఈ సంగతి చెబితే చాలామంది నా ముఖం వైపు అనుమానంగా చూస్తారు, ఎందుకంటే మెత్తగా ఉన్నప్పుడు ప్రయత్నించాలన్న ఆలోచనే వాళ్ళకు రాలేదు. చేత్తో తాకించుకుంటే చాలు, కాకపోతే మునుపటికంటే ఎక్కువసేపు పట్టొచ్చు. చివర్లో ఏమీ బయటికి రాదు. వీర్యంలో ఎక్కువ భాగం ప్రోస్టేట్, దాని వెనక ఉండే వీర్యకోశాలు తయారుచేసే ద్రవమే. రెండూ తీసేశారు. బీజాల (వృషణాల) నుంచి వచ్చే కణాలు వీర్యంలో అయిదు శాతం కూడా ఉండవు, వాటి గొట్టాలు కూడా కత్తిరించేశారు. ఎండు భావప్రాప్తి అంటాం దీన్ని. కొందరికి మునుపటంత బలంగా అనిపించదు, కొందరికి తేడా తెలియదు, కొద్దిమందికి మొదట్లో కింద నొప్పి వస్తుంది. ఆ నొప్పికి మందు ఉంది, చెప్పకుండా ఊరుకోకండి. వీర్యం పోతే బలం పోతుందని, మగతనమే పోయిందని మన ఊళ్ళలో ఒక నమ్మకం ఉంది. మగ హార్మోను తయారయ్యేది బీజాల్లో. అవి మీకు ఉన్నాయి, పనిచేస్తున్నాయి. మీసం ఊడదు, గొంతు మారదు, కోరిక చావదు. పిల్లలు మాత్రం పుట్టరు, మనవలు పుట్టాక ఆ దిగులు లేదనుకోండి.

మూత్రం గురించి. మీరు మంచం మార్చుకున్నది దీని కోసమే అయి ఉంటుంది. ప్యాడ్ వాసన వస్తుందేమోనని, ఆ సమయంలో చుక్కలు పడతాయేమోనని. పడొచ్చు, నిజమే. ఆపరేషన్ అయినవాళ్ళలో భావప్రాప్తి సమయంలో కాస్త మూత్రం రావడం చాలా మామూలు. దాని వల్ల మీ ఆవిడకు ఏ హానీ లేదు. సాయంత్రం టీ తగ్గించండి. ముందు బాత్రూమ్‌కి వెళ్ళి, పోసి, కాసేపు ఆగి మళ్ళీ పోయండి. కింద పాత టవల్ ఒకటి పరుచుకోండి, లేకపోతే కండోమ్ వేసుకోండి. కటి కండరాల వ్యాయామం ఆపరేషన్ అయ్యాక ఎవరో ఒకరు నేర్పే ఉంటారు, మీరు వారం చేసి ఒగ్గేసి ఉంటారు. గ్యాస్ బయటికి పోకుండా ఆపుకునేటప్పుడు బిగించే కండరమే అది. అయిదు నుంచి పది సెకన్లు బిగించడం, అంతసేపే వదలడం, పది సార్లు. రోజుకు మూడు విడతలు. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. నెలల తరబడి చేస్తేనే ఫలితం. దగ్గే ముందు, బరువు ఎత్తే ముందు ఒకసారి బిగించడం అలవాటు చేసుకోండి.

అమ్మా, ఇక మళ్ళీ మీతో.

మాత్రల గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పుగా వాడి "నాకు పనిచేయలేదు" అని పక్కన పడేస్తారు. సిల్డెనాఫిల్ 1998లో వచ్చింది, ఇప్పుడు మన దేశంలో తక్కువ ధరకే దొరుకుతుంది. మగవాళ్ళు దాన్ని ఎలా వాడతారంటే, రాత్రి కోడికూర, వేపుడు చేప కడుపునిండా తిని, మాత్ర వేసుకుని, లైటు తీసేసి, అదే లేస్తుందని గోడ వైపు తిరిగి పడుకుంటారు. లేవదు. నూనె, కొవ్వు ఉన్న భోజనం మీద ఆ మందు సరిగ్గా ఎక్కదు. ఖాళీ కడుపుతోనో, తేలికగా తిన్నాకనో, గంట ముందు వేసుకోవాలి. వేసుకున్నాక ముద్దు మురిపెం ఉండాలి. మనసులో కోరిక పుట్టి, నరం సంకేతం ఇస్తే దాన్ని పెంచడమే మాత్ర చేసే పని. సంకేతమే లేనిచోట అది చేసేదేమీ లేదు. రెండు వైపులా నరాలు తీసేసినవాళ్ళకు మాత్రలు ఎందుకు పనిచేయవో దీన్ని బట్టే తెలుస్తుంది. నరాలు ఉన్నవాళ్ళు కూడా ఒకటి రెండు సార్లకే వదిలేయకూడదు. డాక్టరు చెప్పిన పూర్తి మోతాదుతో ఆరేడు సార్లు ప్రయత్నించాకే పనిచేయలేదని అనాలి.

టాడలాఫిల్ ఇంకో మాత్ర. దాని ప్రభావం ముప్ఫై ఆరు గంటల దాకా ఉంటుంది, భోజనంతో పేచీ లేదు. రోజూ చిన్న మోతాదు వేసుకునే పద్ధతి కూడా ఉంది. మన ఇళ్ళకు ఇదే నప్పుతుందని నా అభిప్రాయం. రెండు గదుల ఇంట్లో కొడుకూ కోడలూ ఒక గదిలో, మనవడు నాయనమ్మ పక్కన. "రాత్రి తొమ్మిదికి మాత్ర, పదికి ఏకాంతం" అని గడియారం పెట్టుకోవడం అక్కడ కుదిరే పనా? కోడలు పుట్టింటికి వెళ్ళిన మధ్యాహ్నమో, అందరూ పైడితల్లి జాతరకు వెళ్ళిన పూటో దొరికే ఏకాంతానికి ఇలాంటి మాత్ర కావాలి. రోజూ వేసుకుంటే నరాలు త్వరగా తేరుకుంటాయని కొందరు చెబుతారు. వేసుకుంటున్నన్నాళ్ళూ సాయపడుతుంది, ఆపేశాక కూడా ఆ మేలు నిలుస్తుందని పరీక్షల్లో గట్టిగా తేలలేదు.

ఒక హెచ్చరిక, ఇది ప్రాణం మీది మాట. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ గానీ, నైట్రేట్ జాతి మందు ఏదైనా గానీ వాడేవాళ్ళు ఈ మాత్రలు అసలు వేసుకోకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఈ మాత్ర వేసుకున్న రోజు ఛాతీలో నొప్పి వచ్చి ఆసుపత్రికి వెళ్తే, వేసుకున్నానని సిగ్గుపడకుండా ముందే చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు మోతాదు తగ్గించాలి. పలాస, సోంపేట, కవిటి వైపు ఉద్దానం వాళ్ళు ఇది చదువుతుంటే, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూపించకుండా మెడికల్ షాపులో కొని వేసుకోకండి.

మాత్రలు పనిచేయకపోతే అక్కడితో దారి మూసుకుపోదు. వాక్యూమ్ పంపు ఉంది. గొట్టం పెట్టి గాలి లాగితే రక్తం వస్తుంది, అంగం మొదలు దగ్గర రింగు వేస్తే నిలుస్తుంది. రింగును అరగంటకు మించి ఉంచకూడదు. చూడటానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, మొదటి రెండు మూడు సార్లు ఇద్దరికీ నవ్వొస్తుంది. నవ్వుకోండి, మంచిదే. నరాలతో నిమిత్తం లేకుండా పనిచేసేది ఇంజెక్షన్. ఇన్సులిన్ సూది లాంటి సన్నని సూదితో అంగం పక్కన ఇచ్చుకోవాలి. వినగానే మగవాళ్ళు మోకాళ్ళు దగ్గరికి లాక్కుంటారు గానీ, ఇన్సులిన్ అలవాటున్న వాళ్ళకు పెద్ద కష్టం కాదు. మొదటి మోతాదు డాక్టరు దగ్గరే వేసి చూడాలి. నాలుగు గంటలు దాటినా దిగకపోతే తెల్లారేదాకా ఆగకూడదు, ఎంత రాత్రయినా ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. ఆలస్యమైతే లోపలి కండరం శాశ్వతంగా పాడైపోతుంది. ఇవేవీ కుదరనివాళ్ళకు లోపల కడ్డీలు అమర్చే ఆపరేషన్ ఉంది. వంచుకునే రకం మన దేశంలోనే తయారవుతుంది, గాలి కొట్టినట్టు నీరు నింపుకునే రకానికి లక్షల్లో ఖర్చు. అది ఆఖరి మెట్టు. మీవారికి పది నెలలే అయింది, ఇప్పుడు దాని ఊసు అనవసరం.

లేహ్యం ఆపించండి. ఆయుర్వేదం అంటే గౌరవం లేక కాదు ఈ మాట. బస్టాండు గోడల మీద, రైలు పెట్టెల్లో పోస్టర్లు వేసి, లాడ్జి గదుల్లో కూర్చుని అమ్మే సరుకులో ఏం కలిపారో కొన్నవాడికి తెలియదు. ఇలాంటి "మగతనపు" పొడుల్లో, లేహ్యాల్లో చాటుగా సిల్డెనాఫిల్ కలిపి దొరికిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. షుగర్, బీపీ ఉన్న మనిషి ఎంత మోతాదు తింటున్నాడో తెలియకుండా తినడం ప్రమాదం. ఇంకా ప్రమాదం, "హార్మోను తగ్గింది" అని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ పొడిచేవాళ్ళు. ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిన మనిషికి ఆపరేషన్ చేసిన డాక్టరుకు తెలియకుండా అది వేయించకూడదు.

ఇది చదివేవాళ్ళలో ఆపరేషన్ కాకుండా కరెంటు పెట్టించుకున్నవాళ్ళు కూడా ఉంటారు. రేడియేషన్ దెబ్బ వెంటనే కనపడదు. రెండేళ్ళు, మూడేళ్ళు, అయిదేళ్ళు నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది, వీర్యం కూడా తగ్గిపోతుంది. వాళ్ళకూ ఇవే మందులు, ఇవే పద్ధతులు.

హార్మోను చికిత్స వాళ్ళ కథ మాత్రం పూర్తిగా వేరు. మూడు నెలలకో ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళు, లేదా ఖర్చు భరించలేక, మాటిమాటికీ విశాఖ తిరగలేక ఒక్కసారే బీజాలు తీయించుకున్నవాళ్ళు. మగ హార్మోను ఆగితే ఈ క్యాన్సర్ కుంచించుకుపోతుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించారు, 1966లో దానికే నోబెల్ వచ్చింది. ఇప్పటికీ ముదిరిన జబ్బుకు అదే వెన్నెముక. దాని మూల్యం ఏమిటంటే కోరికే ఆగిపోతుంది. భార్య పక్కన ఉన్నా మనసు అటు పోదు. ఆమె నొచ్చుకుంటుంది, ఆయనకు ఆమె ఎందుకు నొచ్చుకుందో కూడా అర్థం కాదు. ఫ్యాన్ కింద కూర్చున్నా ఒంట్లోంచి వేడి ఆవిర్లు, చెమట, రొమ్ములు సలపడం, చిన్నదానికి కళ్ళలో నీళ్ళు. ముట్లుడిగినప్పుడు తనకు ఏం జరిగిందో గుర్తున్న భార్య దీన్ని వెంటనే పోల్చుకుంటుంది. ఇంజెక్షన్లు ఆపాక నెమ్మదిగా, నెలల మీద, కొందరికి ఏడాది దాటాక హార్మోను తిరిగి వస్తుంది. బీజాలు తీసేస్తే ఇక రాదు. ఈ తేడా ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందే భార్యాభర్తలిద్దరికీ తెలియాలి. అలాంటివాళ్ళు కోరిక దానంతట అది పుట్టాలని ఎదురుచూస్తే అది రాదు. దగ్గర కూర్చోవడం, ఒళ్ళు పట్టడం లాంటివి మొదలుపెడితే కొందరిలో కొంతైనా స్పందన కనిపిస్తుంది. కనిపించకపోయినా ఆ దగ్గరతనానికి విలువ లేకపోదు.

ఇప్పుడు మీ వైపు చూద్దాం, ఎందుకంటే దీన్ని ఎవరూ అడగరు. మీకు 54. ముట్లు ఆగి ఉంటే యోనిలో పొడిదనం, మంట ఉండొచ్చు. ఏడాదిగా కలయిక లేకపోతే అది ఇంకా తెలుస్తుంది. ఆయన ఎలాగో ధైర్యం చేసి దగ్గరికి వస్తే, మీకు నొప్పి పుట్టి మీరు మొహం చిట్లిస్తే, అది తన లోపమే అనుకుని మళ్ళీ వీధి గదిలోకి పోతారు. మెడికల్ షాపుల్లో నీటితో చేసిన లూబ్రికెంట్ జెల్లీ దొరుకుతుంది. కొబ్బరినూనె వాడుకోవచ్చు, కానీ కండోమ్ వేసుకుంటే నూనె వద్దు, అది చిరిగిపోతుంది. మంట తగ్గకపోతే గైనకాలజిస్టుకు చూపించుకోండి, లోపల రాసుకునే క్రీములు ఉన్నాయి.

మాట ఎలా కలపాలి? పక్క మీద కాదు. విఫలమైన రాత్రి అసలే కాదు. ఉదయం నడకకు వెళ్ళేటప్పుడో, పొలం గట్టు మీదో, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేని చోట మొదలుపెట్టండి. "మీకు ఏమైంది" అనకండి. "మీరు పక్కన లేకపోతే నాకు నిద్ర పట్టట్లేదు" అనండి. ఆయన కసిరినా రెండు రోజులు ఆగి మళ్ళీ అనండి. మంచం లోపలికి వచ్చాక ఒక ఒప్పందం చేసుకోండి: నెల రోజులు కలయిక ప్రయత్నమే వద్దు. వీపు రాయడం, కాళ్ళు పట్టడం, పక్కన పడుకోవడం, ఎక్కడ తాకితే బాగుందో చెప్పుకోవడం, అంతే. గట్టిపడిందా లేదా అని చూడకూడదు. పరీక్ష లేదని తెలిస్తే ఆయన టెన్షన్ సగం దిగుతుంది. టెన్షన్‌లో ఒంట్లో ఊరే రసాయనాలు అంగంలోకి రక్తం రాకుండా బిగించేస్తాయి, కాబట్టి ఇది ఊరికే ఓదార్పు కోసం చెప్పే సలహా కాదు. తర్వాత మాత్రతోనో, చేత్తోనో, మీకు ఇబ్బంది లేని ఏ తీరులోనైనా ముందుకు వెళ్ళండి. లోపలికి వెళ్తేనే కలయిక అనే పట్టుదల వదిలేసిన జంటలే నా దగ్గర తృప్తిగా ఉన్నామని చెప్పారు. అన్నీ మునుపటిలా వచ్చాకే దగ్గరవుదాం అని ఆగినవాళ్ళు, రెండేళ్ళకు నరాలు తేరుకునేసరికి ఒకరినొకరు తాకడమే మరిచిపోయారు. తలుపుకు లోపలి గడియ లేకపోతే ముందు అది పెట్టించండి. మా అరవైల జంటలకు నేను రాసే మందుల చీటీలో ఈ మాట చాలాసార్లు ఉంటుంది.

ఆయన సరిగ్గా తినకపోయినా, నిద్ర లేకపోయినా, "నేను బతికి ఏం లాభం" లాంటి మాట ఒక్కసారి అన్నా, పైవన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. దిగులుకు మంచి మందులు ఉన్నాయి. వాటిలో కొన్ని కోరికను తగ్గిస్తాయి కాబట్టి ఆపరేషన్ సంగతి ఆ డాక్టరుకు చెబితే తగినది ఎంచి రాస్తారు.

చూపించుకోవడానికి మొదట ఆపరేషన్ చేసినచోటికే వెళ్ళండి, మీ ఫైలు అక్కడే ఉంటుంది. అక్కడ సరైన జవాబు దొరకకపోతే విశాఖ కేజీహెచ్‌లో యూరాలజీ విభాగం ఉంది. క్యాన్సర్ ఫాలోఅప్‌కి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. వెళ్ళేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, పీఎస్ఏ రిపోర్టులు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, ఆయన వాడే అన్ని మందుల పేర్లు ఒక కాగితం మీద ఉండాలి. బీపీకి వాడే కొన్ని మాత్రలు కూడా స్తంభనను తగ్గిస్తాయి, మార్చడానికి వీలుంటుంది. మీరు బయట బెంచీ మీద కూర్చోకండి.

పిల్లలకు చెప్పాలా అన్నారు. పడకగది సంగతి వాళ్ళకు అక్కర్లేదు. జబ్బు సంగతి మాత్రం కొడుకులకు తెలియాలి. తండ్రికి 65 లోపు ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తే కొడుకులకు ముప్పు మిగతావాళ్ళకంటే ఎక్కువ. వాళ్ళకు 45 ఏళ్ళు రాగానే పీఎస్ఏ రక్తపరీక్ష గురించి డాక్టరును అడగమని చెప్పండి.